తుపాను రాత్రి పలుపు విప్పాలా, బిగించాలా?

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర, పూడిమడక వైపు తీరం దాటింది. అక్కడికి కొండకర్ల ఊరు సుమారు పది, పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో తోటలున్నాయి, ఊళ్లున్నాయి, చిన్నచిన్న కొండలున్నాయి. గంటకు 180 కిలోమీటర్ల గాలికి అవేవీ పెద్ద అడ్డు కాలేదు. ముందురోజు రాత్రి ఈ చుట్టుపక్కల పశువులున్న ఇళ్లల్లో ఒకటే తర్జనభర్జన జరిగి ఉంటుంది. గేదెల్ని సాలలో కట్టి తలుపు బిగించేద్దామా, పలుపులు విప్పి కళ్లంలోకి తోలేద్దామా? “ఇంత గాలిలో బయట వదిలేస్తే చచ్చిపోతాయిరా” అని తండ్రి. “సాల కూలితే లోపలే చచ్చిపోతాయి కదా నాన్నా” అని కొడుకు. ఇద్దరి మాటలోనూ నిజముంది, అందుకే ఆ వాదన తెల్లారినా తేలదు.

ఇదే వాదన అమెరికాలో ఫ్లోరిడా గుర్రాల పెంపకందారుల మధ్య ఏటా జరుగుతుంది. వాళ్లు హరికేన్ అనేదీ మనం తుపాను అనేదీ ఒకటే. అక్కడి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పశువైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒకటుంది. హరికేన్లలో పెద్ద పశువులు చచ్చిపోయేది ముఖ్యంగా నాలుగు కారణాలతో: కొట్టం కూలడం, తాగడానికి నీళ్లు లేకపోవడం, కరెంటు షాకు, కంచె తెగి బయటపడ్డాక జరిగే ప్రమాదాలు. ఈ నాలుగింటిలో గాలి లేదు, వాన లేదు. గాలి దేన్ని విరిచింది, దేన్ని విసిరింది, వాన నీళ్లు ఎక్కడ చేరాయి అన్నదాన్ని బట్టే పశువు బతుకు. మనిషి మాత్రం తన ఒంటికి గాలి ఎలా తగులుతుందో దాన్నే తలచుకుని నిర్ణయం తీసుకుంటాడు. తనకు చలేస్తే గేదెకూ వేస్తుందనుకుంటాడు. చుట్టూ గోడ ఉంటే తనకు ధైర్యం కాబట్టి గుర్రానికీ ధైర్యమే అనుకుంటాడు.

కాస్త లెక్క వేద్దాం. గాలి వేగం రెట్టింపైతే అది చూపే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువంత ఒత్తిడి చూపుతుంది. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఇనప రేకు తీసుకోండి. దాని సొంత బరువు పన్నెండు, పదిహేను కిలోలు. దానిమీద పడే బలం 450 కిలోలు. ఒక్కో రేకునూ ఒక్కో ఒంగోలు గిత్త పట్టి లాగుతున్నట్టే. పైగా ఆ బలం కిందికి నొక్కదు. కప్పు మీదుగా గాలి దూకేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి, కప్పు పైకి లేవజూస్తుంది. ఆ సమయానికి తలుపు ఊడి గాలి లోపలికి జొరబడిందా, లోపలినుంచి కూడా తోస్తుంది.

ఎప్పుడైనా పశువుల షెడ్డులోకి వెళితే తల పైకెత్తి రేకు బిగించినచోట చూడండి. కొక్కెంలా వంగిన జె-బోల్టు ఒకటి ఇనప గొట్టాన్ని పట్టుకుని ఉంటుంది. దానిమీద చిన్న రబ్బరు వాషరు, పైన నట్టు. నాలుగైదేళ్లు తిరిగేసరికి రబ్బరు ఎండకు పెళుసుబారి రాలిపోతుంది. ఆ సందులోంచి నీరు దిగి, రంధ్రం అంచు తుప్పు పడుతుంది. తుపాను గాలికి రేకు అంచు కొట్టుకోవడం మొదలయ్యాక ఆ తుప్పు రంధ్రం కొంచెం కొంచెంగా సాగుతుంది. ఒక దశలో బోల్టు నట్టుకన్నా రంధ్రం పెద్దదైపోతుంది. ఒక్క రేకు లేచిందంటే పక్కదాని అంచు గాలికి దొరికినట్టే. బోల్టులు బాగానే ఉంటాయి, గొట్టాలూ బాగానే ఉంటాయి, కప్పు మాత్రం ఉండదు. కప్పు పోయాక ఇటుక గోడను పైన పట్టి ఉంచేది ఏదీ ఉండదు గనక గోడ కూలుతుంది, ఒక్కోసారి లోపలికే. అక్కడే గుంజకు కట్టిన గేదె ఉంటుంది.

ఇప్పుడు పశువు ఒంటికి ఇదే లెక్క కడదాం. వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం నేలకు పది మీటర్ల ఎత్తులో కొలిచినది, మూడు నిమిషాల సగటు. నేలను ఒరుసుకుంటూ పోయే గాలి నెమ్మదిస్తుంది. గుర్రం వీపు ఎత్తున అది దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుందనుకుంటే, ఒత్తిడి సగానికన్నా తక్కువకు పడిపోతుంది. పక్కవాటుగా నిలబడ్డ గుర్రం సుమారు ఒకటిన్నర చదరపు మీటరు అడ్డు, అంటే వంద కిలోల తోపు. వెనక భాగం గాలివైపు పెట్టి తల దించితే అడ్డు అర చదరపు మీటరే. తోపు ముప్పై, నలభై కిలోలకు దిగుతుంది. నాలుగు వందల కిలోల జంతువు నాలుగు కాళ్లమీద ఆ తోపును తట్టుకోగలదు. ఇవి నిక్కచ్చి కొలతలు కావు, చేతి లెక్కలు. కానీ గాలివానలో గుర్రాలు ఎప్పుడూ గాలికి వీపు తిప్పి, తోక ముడుచుకుని, గుంపుగా దగ్గరగా ఎందుకు నిలబడతాయో వీటితో అర్థమవుతుంది. గేదె అయితే ఇంకో అడుగు ముందుకేసి పడుకుంటుంది.

దీనికి షరతు ఒక్కటే. తిరగడానికి దానికి వీలుండాలి.

ఉత్తరార్ధగోళంలో తుపాను గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను కన్ను ఊరిమీదుగా పోతే మొదట ఒక దిక్కునుంచి గాలి విరుచుకుపడుతుంది. తర్వాత కాసేపు అంతా సద్దుమణిగినట్టు ఉంటుంది. ఆ తర్వాత సరిగ్గా ఎదురు దిక్కునుంచి రెండో విడత మొదలవుతుంది. హుద్‌హుద్ నాడు విశాఖలో ఆ మధ్య విరామం చూసి తుపాను వెళ్లిపోయిందనుకుని జనం వీధుల్లోకొచ్చారు. రెండో విడత గాలి ఎంత పని చేసిందో ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. వాతావరణ శాఖ రాడారు కూడా ఆ రోజు దెబ్బతింది. పశువు సంగతికొస్తే, మొదటి విడతలో గాలిచాటున్న గోడ రెండో విడతలో గాలికి ఎదురవుతుంది. పొద్దున చాటిచ్చిన గట్టు మధ్యాహ్నానికి పనికిరాదు. విప్పి వదిలిన పశువు లేచి గట్టుకు అవతలి పక్కకు నడుస్తుంది. పలుపున్న పశువు, మనం నిన్న సాయంత్రం మంచిదనుకున్న చోటే ఉండిపోతుంది.

కాబట్టి లోపలా బయటా అన్న ప్రశ్నకంటే ముందు కట్టేయాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. దీనికి నా జవాబు నిక్కచ్చిగానే ఉంటుంది: ఎక్కడ ఉంచినా కట్టొద్దు. లోపల ఉంచదలచుకుంటే సాలలో విడిగా వదలండి, గడియ బయటనుంచి ఒక్క లాగుకు వచ్చేలా ఉండాలి. కట్టక తప్పదంటే, కొస లాగితే ఊడిపోయే జారుముడి వేయండి. తడిసిన కొబ్బరితాడు ముడి అర్ధరాత్రి చీకట్లో కత్తికి కూడా సరిగా లొంగదు. బయట వదిలేటప్పుడు పలుపు ఈడ్చుకుంటూ పోనివ్వకూడదు. పలుపు తీసేయాలి, ముకుతాడు కొస మెడకు చుట్టి పొట్టి చేయాలి. లేకపోతే పడిపోయిన చెట్టు కొమ్మకు అది తగులుకుంటే మళ్లీ కట్టేసినట్టే. గుర్రానికి తలకు నైలాను పట్టీ ఉంచి వదలడమూ ఇంతే ప్రమాదం. తోలు పట్టీ లాగితే తెగుతుంది, నైలాను తెగదు.

గాలి సంగతి ఇది. నీళ్ల లెక్క వేరు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచింది గాలి కాదు, ఉప్పెన. సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లమీద పడింది. మనుషులే వేలమంది కొట్టుకుపోయిన ఆ విపత్తులో గుంజకు కట్టిన పశువు గతేమిటో చెప్పక్కర్లేదు. అంత బల్లపరుపు నేలలో, అంత నీటిలో, విప్పి వదిలినా పెద్ద తేడా ఉండేది కాదన్నదీ నిజమే. అక్కడ పలుపు విప్పడం కాదు, ముందే ఎత్తైన చోటుకు తోలుకుపోవడమొక్కటే దారి. 1970 భోలా తుపాను తర్వాత బంగ్లాదేశ్‌లో పశువుల కోసం కిల్లాలని మట్టి దిబ్బలు కట్టించారు. పశువుల్ని వదిలి మనుషులు కదలరని అక్కడి ప్రభుత్వం గ్రహించింది. దిబ్బమీద గొడ్డు క్షేమంగా ఉందంటే మనిషి కూడా షెల్టరుకు వెళతాడు. మన తీరంలో మనుషులకు కట్టిన తుపాను షెల్టర్లు చూస్తుంటాం. పక్కనే గొడ్డుకో దిబ్బ ఉంటే వాటిలోకి రమ్మని బతిమాలే పని సగం తగ్గుతుంది.

హుద్‌హుద్ రోజున విశాఖ ఓడరేవులో నమోదైన ఉప్పెన 1.4 మీటర్లు. అది పూడిమడక ఒడ్డున ఉన్నవాళ్లకు ప్రమాదం, కొండకర్లకు కాదు. కొండకర్లకు వచ్చే నీరు పైనుంచి వస్తుంది. చుట్టూ కొండలు, మధ్యలో పళ్లెంలా ఆవ. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్ద సహజ మంచినీటి సరస్సుగా దీన్నే చెబుతారు. తాటి దోనెలు జంటగా కట్టి, తామరాకుల మధ్యనుంచి సందర్శకుల్ని తిప్పేది ఇక్కడే. మామూలు రోజుల్లో ఆవ అంచు గేదెలకు స్వర్గం. తుపాను రోజున మాత్రం అక్కడికి తోలకూడదు. కొండల వాననీరు దిగేది అక్కడికే. అంచు ఎక్కడ ముగుస్తుందో, ఊబి ఎక్కడ మొదలవుతుందో చీకట్లో తెలియదు. గేదె బాగా ఈదుతుంది, ఆవూ ఈదుతుంది, గుర్రమూ ఈదుతుంది. కానీ తూళ్లు, కొమ్మలు, తెగిన తీగలు కొట్టుకొచ్చే నీళ్లలో ఈత వేరు.

తుపాను దూరంగా ఉందన్న నిబ్బరం కూడా పనికిరాదు. 2012లో నీలం తుపాను తీరం దాటింది ఎక్కడో తమిళనాడులో, మహాబలిపురం దగ్గర, అక్టోబరు 31న. దాని మిగులు మేఘాలు ఉత్తరానికి పాకి నవంబరు మొదటి రోజుల్లో శారదా నది పొంగి అనకాపల్లి ప్రాంతం నీళ్లలో మునిగింది. అప్పుడు గాలి భయం లేదు, వరద భయమే. 1999 సెప్టెంబరులో అమెరికా ఉత్తర కరొలినాలో ఫ్లాయిడ్ హరికేన్ తెచ్చిన వరదలో షెడ్లలో బంధించి ఉన్న వేలాది పందులు, లక్షలాది కోళ్లు మునిగిపోయాయి. వాటి షెడ్లు చాలావరకు గట్టివే. కానీ గోడ ఎంత గట్టిదైనా నీటిని ఆపదు, లోపలున్నవాటిని బయటికీ పోనివ్వదు.

ఇంతవరకు చెప్పింది తుపాను గురించి. వేసవిలో సాయంత్రం పూట వచ్చే పిడుగుల వానకు ఈ సలహా తలకిందులవుతుంది. అప్పుడు పశువు సాలలోనే ఉండాలి. 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల్లో రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించింది. పిడుగు చెట్టుమీద పడితే కరెంటు వేళ్లగుండా నేలలోకి పాకుతుంది. దూరం వెళ్లేకొద్దీ దాని ఒత్తిడి తగ్గుతుంది. ఆవు ముందుకాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య మీటరున్నర ఎడం ఉంటుంది. ఆ ఎడంలోనే ఒత్తిడి తేడా ఎంతో ఉండటంతో కరెంటు ఒక జత కాళ్లనుంచి ఎక్కి గుండె మీదుగా రెండో జత కాళ్లనుంచి దిగుతుంది. రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకున్న మనిషికి ఆ తేడా తక్కువ. 2016 ఆగస్టులో నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమిమీద ఒక్క పిడుగుపాటుకు 323 రెయిన్‌డీర్లు ఒకేచోట చచ్చిపడ్డాయి. గుంపుగా చేరడం గాలివానలో రక్షణ, పిడుగుల వానలో మృత్యువు. ముళ్లతీగ కంచె పక్కన నిలబడ్డ పశువుకు పిడుగు ఎక్కడో పడినా తీగ వెంట కరెంటు వస్తుంది. ఈ వాన గంటలో తేలిపోతుంది. అంతసేపు ఏ పాకైనా నిలుస్తుంది.

మళ్లీ తుపానుకు వద్దాం. వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన ఇస్తుంది, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. నిర్ణయం ఆ మొదటి రోజునే జరగాలి. గాలి మొదలయ్యాక పశువును కదిలించడం దానికీ మనకూ ప్రమాదమే. సిమెంటు శ్లాబుండి, స్తంభాలు పునాదిలోంచి లేచి, రెండు వైపులా దారి ఉన్న సాల అయితే లోపలే ఉంచండి, విప్పి ఉంచండి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే రేకుల షెడ్డు, అందులోనూ ఇటుక దిమ్మెలమీద గొట్టాలు ఆనించినదైతే, దాన్ని నమ్మడానికి లేదు. సిమెంటు రేకు ఇంకా చెడ్డది, పగిలి పెంకులై కురుస్తుంది. తాటాకు పాక సంగతి విచిత్రం. ఆకు ఎగిరిపోయినా ఎవరికీ దెబ్బ తగలదు, కానీ తాటి దూలం మీద పడితే నడుం విరుగుతుంది. పాకలో ఉంచడమా మానడమా అన్నది ఆకుని చూసి కాదు, రాటలు ఎంత లోతున పాతారో చూసి తేల్చుకోవాలి.

బయట వదలాలంటే చోటు ఎంచుకోవాలి. పెద్ద గొడుగులా విస్తరించి, వేళ్లు పైపైనే ఉండే తురాయి, నిద్రగన్నేరు లాంటివి మొదట కూలతాయి. తాటిచెట్టు నిలుస్తుంది. కొబ్బరి వంగి నిలుస్తుంది గాని కాయల్నీ మట్టల్నీ విసురుతుంది. కరెంటు స్తంభాల కింద వద్దు, ముళ్లతీగ చేలో వద్దు, కొండవాలు కింద రాళ్లు దొర్లే చోట వద్దు, ఆవ ఒడ్డున వద్దు. అటూ ఇటూ తిరిగితే ఏదో ఒక పక్క చాటు దొరికే మెరక గట్టు చాలు. ఇవన్నీ తీసేశాక ఊళ్లో అలాంటి చోటు ఒకటో రెండో మిగులుతాయి, అది ఎవరో ఒకరి సొంత పొలమై ఉంటుంది. ఆ రైతుతో మాట్లాడుకోవాల్సింది జూన్‌లో, అక్టోబరులో కాదు.

గుర్రాలు మన దగ్గర తక్కువే అయినా లేకపోలేదు. విశాఖ ఆర్కే బీచిలో సవారీ గుర్రాలున్నాయి. పాడేరు ఏజెన్సీలో దారిలేని ఊళ్లనుంచి సంతకు సరుకు మోసేది చాలాచోట్ల గుర్రాలే. గేదెకూ గుర్రానికీ ఒక పెద్ద తేడా ఉంది. భయపడ్డ గేదె ఆగిపోతుంది, భయపడ్డ గుర్రం పరుగెడుతుంది. ఎటు పరుగెడుతుందంటే తనకు అలవాటైన చోటుకే. కాలుతున్న గుర్రపుశాలలోకి గుర్రాలు తిరిగి దూరిన సందర్భాలున్నాయి. అందుకని బయటికి తోలాక శాల తలుపు మూసి గడియ పెట్టేయాలి. అది చాలామందికి తోచదు. ముందరి కాళ్లకు బంధం వేసి వదిలే అలవాటుంటే ఆ రోజుకు బంధం తీసేయాలి. ఎప్పుడూ కలిసి మేసే గుర్రాల్ని విడదీయకూడదు, తెలియని వాటితో కలపకూడదు. ఆవుకూ గేదెకూ చెవికి పన్నెండంకెల పసుపు బిళ్ల ఉంటుంది కాబట్టి తప్పిపోయినా యజమాని ఎవరో తేలుతుంది. గుర్రానికి జూలులో ఒక ప్లాస్టిక్ బిళ్ల జడలా అల్లి, దానిమీద చెరగని సిరాతో ఫోన్ నంబరు రాస్తే సరిపోతుంది.

గాలి ఆగాక పని మొదలవుతుంది. హుద్‌హుద్ తర్వాత చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు తిరగదు, బోరు నీళ్లు రావు. చుట్టూ నీళ్లే ఉన్నా తాగే నీళ్లుండవు. గుర్రం రోజుకు పాతిక, నలభై లీటర్లు తాగుతుంది, పాలిచ్చే గేదె ఇంకా ఎక్కువ. అందుకే డ్రమ్ములు ముందురోజే నింపుకోవాలి. తడిసి బూజుపట్టిన గడ్డి గేదెకే మంచిది కాదు, గుర్రానికైతే ప్రాణాంతకం. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లిన విషం బయటికొచ్చే దారి ఉండదు. విరిగిపడిన గన్నేరు కొమ్మలు ఆకలిమీదున్న పశువుకు అందకుండా తీసేయాలి, నాలుగాకులు కూడా ఎక్కువే. తెగిన తీగ ఉన్న గుంటలో అడుగుపెట్టనీయకూడదు.

ఆఖరి ప్రమాదం వారాల తర్వాత బయటపడుతుంది. ఎగిరిపోయిన కప్పులనుంచి మేకులు, తీగముక్కలు, బోల్టులు గడ్డిలో రాలి ఉంటాయి. గుర్రం పెదవులతో తడిమి, ఏరుకుని తింటుంది. ఆవూ గేదే నాలుకతో చుట్టి మింగేస్తాయి. మేకు రెండో పొట్టలో దిగబడి, పక్కనే ఉన్న గుండె పొరను గుచ్చుతుంది. పశువు మేత మానేసి, వీపు విల్లులా వంచి, మోచేతులు ఎడంగా పెట్టి నిలబడుతుంది. పాలు ఒక్కసారిగా తగ్గుతాయి. అప్పుడు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. డాక్టర్లు పొట్టలోకి అయస్కాంతం దించి మేకును అక్కడే పట్టి ఉంచడానికి ప్రయత్నిస్తారు. మేతకు తోలేముందు మనిషి ఒక అయస్కాంతాన్ని తాడుకు కట్టి కళ్లమంతా ఈడ్చుకొస్తే ఆ అవసరం చాలావరకు రాదు. గుర్రాల విషయంలో ఆ మేకు కడుపులోకి పోకపోయినా కాలిలో దిగుతుంది. ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగే జంతువు పశువుల్లో మరొకటి లేదు కాబట్టి ఆ టీకా తుపానుల కాలం రాకముందే వేయించి ఉండాలి.